మట్టి ఇంటిని వెనక్కి తెచ్చినవాళ్లు

1941లో ఈజిప్టు ఆర్కిటెక్ట్ హసన్ ఫతీకి ఓ చిక్కు వచ్చిపడింది. గోడలకు పచ్చి (కాల్చని) ఇటుకలు ఉన్నాయి, కప్పుకు కలప లేదు. యుద్ధం వల్ల బయటి నుంచి దూలాలు, ఇనుము రావడం ఆగిపోయింది. పోనీ కప్పు కూడా ఇటుకతోనే కమానులా వేద్దామంటే, వేసినవి వేసినట్టే కూలిపోయాయి. చివరికి దారి చూపించింది అస్వాన్ దగ్గరి నూబియా మేస్త్రీలు. వాళ్లకు సెంట్రింగ్, అంటే కమాను కింద ఆనించే చెక్క చట్రం, అక్కర్లేదు. గది చివర ఒక గోడను ఎత్తుగా లేపుతారు. దానిమీద మట్టితో కమాను గీత దిద్దుతారు. గడ్డి ఎక్కువ కలిపి తేలిగ్గా చేసిన పలచటి ఇటుకలను ఆ గోడకేసి వాల్చి పేరుస్తారు. ఇటుక పచ్చిగా ఉన్నప్పుడే వేళ్లతో రెండు గాడులు గీసి ఉంచుతారు, తడి మట్టిని పట్టుకోవడానికి. ప్రతి వరసా వెనక వరస మీద ఒరిగి ఉంటుంది కాబట్టి కింద ఏ ఆసరా లేకపోయినా జారదు.

దగ్గర్లో దొరికే వస్తువులతో చిన్న ఇల్లు కట్టుకోవడం ఇప్పుడు కొత్త ఫ్యాషన్‌లా వినిపిస్తోంది గానీ, చరిత్రలో ఎక్కువ కాలం జనం కట్టుకున్నది అలాంటి ఇళ్లే. టర్కీలోని చాతల్‌హోయుక్‌లో పచ్చి ఇటుక ఇళ్లు దాదాపు 9 వేల ఏళ్ల నాటివి. యెమెన్‌లోని షిబామ్‌లో 16వ శతాబ్దం నాటి మట్టి మేడలు ఐదారు అంతస్తులు దాటి ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. ఇక ఇల్లు చిన్నదిగా ఉండటం అప్పట్లో ఎవరూ కోరి ఎంచుకున్నది కాదు. దూలం ఎంత పొడవు దొరికితే గది అంత వెడల్పు. గోడ మందమే అర మీటరు తినేస్తుంది.

1824లో ఇంగ్లండ్‌లో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు తీసుకున్నాడు. సిమెంటు గట్టిది కాబట్టి మట్టిని గెలిచిందని అంటుంటారు. నాకు మాత్రం అసలు కారణం వేరే అనిపిస్తుంది. సిమెంటు బస్తా ఎక్కడ కొన్నా ఒకటే. మట్టి అలా కాదు, ఈ చేనుకీ పక్క చేనుకీ తేడా. గాజు సీసాలో కాస్త మట్టి వేసి, నీళ్లు పోసి, గట్టిగా ఊపి పక్కన పెడితే తెలిసిపోతుంది. ఇసుక నిమిషంలో అడుగుకు చేరుతుంది. దాని మీద ఒండ్రు నెమ్మదిగా దిగుతుంది. బంకమట్టి తేరుకోవడానికి మర్నాటి దాకా ఆగాలి. ఆ పొరల మందం చూసి మేస్త్రి లెక్క వేసుకుంటాడు: బంక ఎక్కువైతే గోడ ఆరేటప్పుడు పగుళ్లిస్తుంది, తక్కువైతే రాలిపోతుంది. సిమెంటు వచ్చాక ఈ లెక్కతో పని లేకుండా పోయింది. తెలిసిన మేస్త్రీల తరం వెళ్లిపోయాక మట్టి ఇల్లంటే జనానికి గుర్తున్నది కారే కప్పు, చెదలు, అంతే.

ఆ తర్వాత మట్టి వైపు మళ్లీ చూసింది చాలాసార్లు సరుకుల కరువులోనే. 1950ల్లో కొలంబియాలోని బొగోటాలో, మట్టిని పొడుగాటి మీటతో నొక్కి దిమ్మెలు చేసే సిన్వా రామ్ అనే చేతి మెషీన్ తయారైంది. 1973 చమురు సంక్షోభం తర్వాతి ఏళ్లలో బెంగళూరులోని ఐఐఎస్‌సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్)లో ఆస్ట్రా, ఫ్రాన్స్‌లో క్రాటెర్ లాంటి బృందాలు మట్టిని ల్యాబ్‌లోకి తెచ్చాయి. తిరువనంతపురంలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ వేరే వైపు నుంచి వచ్చాడు. ఇంటి సరుకు ఐదు మైళ్ల లోపల దొరకాలన్న గాంధీ మాట ఆయన తరచూ చెప్పేవాడు. ఇటుకలను నిలబెట్టి మధ్యలో బోలు వదిలే ర్యాట్ ట్రాప్ బాండ్‌తో ఇటుకల్లో దాదాపు పావు వంతు ఆదా చేశాడు. అసలు మీకు ఎంత ఇల్లు కావాలి అన్నది ఆయన దగ్గర మొదటి ప్రశ్న.

ఇంతమంది చేసినా మట్టి ఇల్లు ఎందుకు వ్యాపించలేదు? ఫతీ దగ్గరికే మళ్లీ వద్దాం. 1940ల మధ్యలో లక్సర్ దగ్గర, ప్రాచీన సమాధుల మీద కాపురం ఉంటున్న ఊరిని తరలించడానికి ప్రభుత్వం ఆయనతో న్యూ గుర్నా కట్టించింది. గుమ్మటాలతో, నడవలతో అందమైన ఊరు. జనం రాలేదు. వాళ్ల బతుకుతెరువు ఆ పాత సమాధుల చుట్టూ ఉంది. పైగా గుమ్మటం అంటే వాళ్లకు గోరీ గుర్తొస్తుంది. ఇది జనం మూఢత్వం అని కొట్టిపారేస్తే తేలికే. కానీ తన ఇంటి నెత్తిన గోరీ ఆకారం ఎవరికి కావాలి?

మిగతా కారణాలు చిన్నవిగా కనిపిస్తాయి గానీ బరువైనవి. మన జనాభా లెక్కల్లో గోడ, కప్పు రెండూ మట్టి, గడ్డి లాంటివైతే అది తాత్కాలిక ఇల్లు. అలాంటి మాట రాసిన కాగితం పట్టుకుని అప్పుకు వెళ్లడం కష్టం. ఇంకోటి మెయింటెనెన్స్. మాలిలోని జెన్నే మసీదుకు ఏటా ఊరంతా కలిసి మట్టి పూస్తారు, అది పండగ. ఒంటరి ఇంట్లో ఆ పూత ఎవరో ఒకరి నడుం మీద పడే పని, చాలాచోట్ల ఆడవాళ్ల మీద.

భూకంపాల భయం కూడా వట్టిది కాదు. 2003లో ఇరాన్‌లోని బామ్‌లో పచ్చి ఇటుక ఇళ్లు కూలి వేలమంది చనిపోయారు. కానీ 2001లో గుజరాత్‌లోని కచ్ భూకంపంలో గుండ్రటి మట్టి ఇళ్లు, భూంగాలు, చాలావరకు తట్టుకున్నాయి. వాటి ఆకారంలో బలహీనపడే మూలలు లేవు, కప్పు తేలిక. న్యూజిలాండ్ 1998లోనే మట్టి కట్టడాలకు ప్రమాణాలు రాసుకుంది.

ఇప్పుడు సిమెంటు కరువు లేదు, కారణం మారింది. ప్రపంచ కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాల్లో 8 శాతం దాకా సిమెంటు వాటా. అందులో సగానికి పైగా సున్నపురాయిని కాల్చినప్పుడు ఆ రాయిలోంచే వస్తుంది. అంటే కొలిమి ఇంధనం మార్చినంత మాత్రాన పోదు. మట్టి దిమ్మెల్లో 5 నుంచి 10 శాతం సిమెంటు కలపడం ఇప్పుడు మామూలైంది. ఇంకా సహజం అనొచ్చా అని వాదించేవాళ్లు ఉన్నారు. వాన ఎక్కువ పడే చోట నేనైతే కలపమనే అంటాను.

బుర్కినా ఫాసోలోని గాండోలో ఆర్కిటెక్ట్ ఫ్రాన్సిస్ కెరె 2001లో కట్టింది ఇల్లు కాదు, బడి. ఆయన పుట్టిన ఊరే అది. అయినా మట్టి గోడ వానకు ఆగుతుందా అని ఊరివాళ్లే అనుమానపడ్డారు. ఆయన దిమ్మెల్లో కొంచెం సిమెంటు కలిపాడు. పైన రేకుల కప్పును గోడకు అంటకుండా ఎత్తి నిలబెట్టాడు, మధ్యలోంచి గాలి ఆడుతుంది. చూరు బాగా బయటికి వచ్చి వాన గోడను తాకకుండా చూస్తుంది. దాన్ని మోసే చట్రం మామూలు ఇనుప చువ్వలతో చేసింది. కోయడం, వెల్డింగ్ చేయడం అక్కడే నేర్పించి, ఊరివాళ్లతోనే పైకెత్తించాడు.