ఉన్నత విద్యలో వికలాంగులు: ఒకే ప్రశ్న రెండుగా చీలిన వైనం

వికలాంగులకు ఉన్నత విద్యలో చోటెలా కల్పించాలన్నది నిజానికి ఒకే ప్రశ్న. కానీ అది చదువుకునేవారి ప్రశ్నగా, పాఠం చెప్పేవారి ప్రశ్నగా రెండుగా చీలిపోయింది. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో ఒకప్పుడు న్యూటన్ అధిష్ఠించిన లుకేసియన్ గణితాచార్య పీఠానికి 1711లో ఎంపికైన నికొలస్ సాండర్సన్ పసితనంలోనే మశూచి సోకి చూపు కోల్పోయారు. ఆయన ఆ విశ్వవిద్యాలయంలో ఏనాడూ విద్యార్థి కారు. 1707లో ఒక మిత్రుడి వెంట అక్కడికి వెళ్లి, పాఠాలు చెప్పి పేరు తెచ్చుకున్నారు. పీఠానికి పట్టా తప్పనిసరి కావడంతో ఆన్ రాణి ఆజ్ఞ మీద ఎం.ఏ. ఇప్పించారు. చిల్లులు పొడిచిన పలక మీద పెద్ద తల, చిన్న తల గుండుసూదులు గుచ్చి, వాటి స్థానాన్ని బట్టి అంకెలను వేళ్లతో తడిమి చూస్తూ ఆయన లెక్కలు చేసేవారు. కాంతిశాస్త్రాన్ని కూడా ఆయనే బోధించేవారు. అయితే అది ఒక్క మనిషి ప్రతిభకు దక్కిన మినహాయింపు మాత్రమే. ఆయన కోసం సంస్థ తన పద్ధతి మార్చుకున్నది లేదు.

ఆ తరువాత రెండు శతాబ్దాల దాకా ఇదే తీరు కొనసాగింది. చేరాలనుకున్నవారే అడ్డంకులను మోయాలి. చూపూ వినికిడీ లేని హెలెన్ కెల్లర్ అమెరికాలోని రాడ్‌క్లిఫ్ కళాశాల ప్రవేశ పరీక్షలకు 1899లో సిద్ధమైనప్పుడు, బీజగణిత ప్రశ్నపత్రం అమెరికన్ బ్రెయిల్‌లో (బ్రెయిల్ అంటే వేళ్లతో తడిమి చదివే చుక్కల లిపి) వస్తుందని రెండు రోజుల ముందు మాత్రమే తెలిసింది. వాడుకలో ఉన్న చుక్కల లిపులు మూడింటిలోనూ మామూలు పాఠం చదవగలిగినా, బీజగణితాన్ని ఆమె ఇంగ్లిష్ బ్రెయిల్ గుర్తులతోనే నేర్చుకున్నారు. బ్రాకెట్ గుర్తు ఏదో, మూల చిహ్నం ఏదో పోల్చుకోలేక పరీక్ష ముందు రాత్రి పడ్డ అవస్థను తరువాత ఆమే రాసుకున్నారు. కళాశాలలో ఉపన్యాసం జరుగుతుండగా ఆమె గురువు ఆన్ సల్లివాన్ ప్రతి మాటనూ ఆమె అరచేతిలో అక్షరాలుగా చెప్పేవారు. చేతులు వినే పనిలో ఉండటం వల్ల నోట్సు రాసుకునే వీలుండేది కాదు. ఇంటికి చేరాక గుర్తున్నంత మేరకు రాసుకునేవారు. 1904లో ఆమె పట్టా పుచ్చుకున్నారు. ఈ కథను పట్టుదలకు ఉదాహరణగా చెప్పడం మనకు అలవాటు. నోట్సు సమకూర్చే బాధ్యత కళాశాలదని ఎవరికీ తోచకపోవడం మాత్రం అందులో వినిపించదు.

బధిరుల విషయంలో అధ్యాపకుల ప్రశ్న మరింత స్పష్టంగా బయటపడింది. 1864లో అబ్రహాం లింకన్ సంతకం చేసిన చట్టంతో వాషింగ్టన్‌లోని బధిర విద్యాసంస్థకు పట్టాలిచ్చే అధికారం వచ్చింది. అదే నేటి గల్లాడెట్ విశ్వవిద్యాలయం. కానీ 1880లో మిలాన్‌లో జరిగిన అంతర్జాతీయ మహాసభ, వినికిడి ఉన్నవారే దాదాపు అందరూ కూర్చుని, బధిరుల చదువులో సంజ్ఞా భాషను పక్కనపెట్టి నోటి మాటకే పెద్దపీట వేయాలని తీర్మానించింది. దాని దెబ్బ విద్యార్థుల మీదే కాదు, బధిర ఉపాధ్యాయుల మీదా పడింది. నోటితో పాఠం చెప్పలేనివారికి ఆ వృత్తిలో చోటు కరువైంది. ఆ తీర్మానాలకు అదే పరంపరకు చెందిన సభ విచారం తెలిపింది 2010లో. గల్లాడెట్‌కు 124 ఏళ్లపాటు వినికిడి ఉన్నవారే అధ్యక్షులుగా పనిచేశారు. 1988 మార్చిలో మరోసారి అలాగే నియామకం జరగ్గానే విద్యార్థులు ప్రాంగణాన్ని మూసివేసి, బధిర అధ్యక్షుడితో పాటు పాలకమండలిలోనూ బధిరులకు 51 శాతం స్థానాలు కావాలని పట్టుబట్టారు. వారం తిరిగేసరికి అక్కడి ఆచార్యుడు ఐ. కింగ్ జోర్డన్ తొలి బధిర అధ్యక్షుడయ్యారు. చేర్చుకోవడానికీ అధికారం పంచుకోవడానికీ మధ్య దూరం ఎంతో ఈ 124 ఏళ్లను మించి చూపగలిగిన ఉదాహరణ నాకు కనిపించలేదు.

సంస్థే మారాలన్న వాదన గట్టిపడింది రెండో ప్రపంచ యుద్ధం తరువాత. క్షతగాత్రులైన మాజీ సైనికులు చదువుకు వస్తున్న రోజుల్లో, 1948లో అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో టిమ్ న్యూజెంట్ వికలాంగ విద్యార్థుల కోసం ప్రారంభించిన కార్యక్రమం ర్యాంపులకు, లిఫ్టు అమర్చిన బస్సులకు దారి వేసింది. 1962లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణంలో చేరిన ఎడ్ రాబర్ట్స్ పోలియో వల్ల రాత్రిళ్లు ఐరన్ లంగ్ అనే భారీ శ్వాసయంత్రంలో గడపవలసి వచ్చేది. ఆ బరువుకు వసతి గృహాలు సరిపడక, ప్రాంగణంలోని ఆసుపత్రిలో గది ఇచ్చారు. క్రమంగా మరికొందరు చేరారు. రోగులుగా చూడబడటం ఇష్టంలేని ఆ బృందం 1970లో సహాయకులను వెతికిపెట్టడం, వీల్‌చైర్లు బాగుచేయించడం వంటి సేవలను తామే నడిపించే విభాగాన్ని సాధించుకుంది. అదే 1970లో జూడిత్ హ్యూమన్‌కు న్యూయార్క్‌లో ఉపాధ్యాయ లైసెన్సు నిరాకరించారు; కారణం ఆమె వీల్‌చైర్ మంటలు చెలరేగినప్పుడు ప్రమాదమట. కళాశాల చదువు పూర్తిచేసిన మనిషికి బడిలో పాఠం చెప్పే హక్కు కోసం కోర్టుకెక్కవలసి వచ్చింది. ఆమె గెలిచారు. ప్రభుత్వ నిధులందుకునే సంస్థల్లో వివక్షను నిషేధించిన 1973 నాటి చట్టంలోని 504వ సెక్షన్‌కు నిబంధనలు రాకపోవడంతో, 1977లో శాన్ ఫ్రాన్సిస్కో ప్రభుత్వ భవనంలో మూడు వారాలకు పైగా సాగిన బైఠాయింపునకు నాయకత్వం వహించినవారిలో ఆమె ఒకరు.

చట్టాలు పెరిగాయి, కానీ విద్యార్థులది ఒకటి, ఉద్యోగులది ఒకటిగా ప్రశ్న రెండుగానే మిగిలింది. బ్రిటన్‌లో వికలాంగుల పట్ల వివక్షపై 1995 నాటి చట్టం ఉద్యోగులకు రక్షణ కల్పించి విద్యను వదిలేసింది. విద్యార్థుల వంతు 2001 సవరణతో గాని రాలేదు. భారత్‌లో వికలాంగుల హక్కుల 2016 చట్టం ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్లను ఒక సెక్షన్‌లో, ప్రభుత్వోద్యోగాల్లో 4 శాతాన్ని మరో సెక్షన్‌లో పెట్టింది. 2006 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికలోనూ ఉన్నత విద్య 24వ అధికరణంలో ఉంటే, ఉద్యోగం 27వ అధికరణంలో ఉంది. రెండుచోట్లా సహేతుకమైన సర్దుబాట్లు చేయాలనే ఉంది.

ఈ విభజన విశ్వవిద్యాలయాల ఆచరణలోకీ దిగింది. పరీక్షలో అదనపు సమయం, స్క్రైబ్ (చెప్పింది రాసిపెట్టే మనిషి), స్క్రీన్ రీడర్ (తెర మీది పాఠాన్ని బయటికి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) చదవగలిగే పుస్తకం వంటివి విద్యార్థి సేవల కార్యాలయం చూస్తుంది. అధ్యాపకుడు అడిగితే అది సిబ్బంది విభాగానికి వెళ్లే వేరే ఫైలు. చదువు ముగించి పరిశోధన చేస్తూ తరగతులు కూడా తీసుకునే వ్యక్తి ఉదయం ఒక కౌంటరులో, మధ్యాహ్నం మరొక దానిలో అదే వైద్య ధ్రువపత్రం చూపించవలసి రావచ్చు. పాత ఉపన్యాస మందిరాలను బాగుచేసినప్పుడు ర్యాంపు తరచూ శ్రోతల వరుసల దగ్గర ఆగిపోతుంది. పాఠం చెప్పేవారు ఎక్కవలసిన వేదికకు మెట్లు అలాగే ఉంటాయి. గీసిన నక్షాలో వీల్‌చైర్ గుర్తు ఉండేది కూర్చునేవారి వైపే.