బండి ఖర్చు తగ్గాలంటే: గ్యారేజీలో రోజూ వినే అపోహలు, వాస్తవాలు

సర్వీసుకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: "మైలేజీ పెరగాలంటే ఏం చేయాలి?" వెంటనే ఎక్కడో విన్న చిట్కా ఒకటి చెప్పి, అది నిజమేనా అంటారు. ఆ చిట్కాలు చాలావరకు పెట్రోలు బంకు చుట్టూనే తిరుగుతాయి. ఒక మెకానిక్‌గా నేను చూసినంతలో డబ్బు ఎక్కువగా పోయేది బ్రేకు మీద, టైర్లలో, వాయిదా వేసిన చిన్న రిపేర్లలో.

అపోహ: పల్లంలో న్యూట్రల్ వేస్తే పెట్రోలు మిగులుతుంది

కార్బ్యురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే పాత పద్ధతి పరికరం) బండ్ల కాలం నుంచి వచ్చిన అలవాటు ఇది. ఇంధనాన్ని కంప్యూటర్ కొలిచి చిమ్మే ఇప్పటి ఇంజెక్షన్ ఇంజిన్లలో బండి గేరులో పరుగెడుతుండగా యాక్సిలరేటర్ మీంచి కాలు పూర్తిగా తీసేస్తే, ఇంధనం సరఫరా దానంతట అదే ఆగిపోతుంది. అప్పుడు చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతుంటాయి. న్యూట్రల్ వేశారంటే ఇంజిన్‌కూ చక్రాలకూ లంకె తెగుతుంది. ఇంజిన్ ఆగిపోకుండా ఉండాలంటే మళ్లీ ఇంధనం కావాల్సిందే.

డబ్బు కన్నా పెద్ద విషయం ఇంకొకటి ఉంది. ఘాట్ రోడ్డులో న్యూట్రల్‌లో దిగితే ఇంజిన్ ఇచ్చే పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది. అవి బాగా వేడెక్కితే ఎంత తొక్కినా పట్టవు. కొందరు ఏకంగా ఇంజినే ఆపేసి దిగుతారు. కారులో అలా చేస్తే పవర్ స్టీరింగ్ బిగుసుకుంటుంది, రెండు మూడు సార్లు తొక్కాక బ్రేకుకు బూస్టర్ (మన కాలి బలాన్ని పెంచే పరికరం) సాయం ఉండదు, తాళం తీస్తే కొన్ని బండ్లలో స్టీరింగే లాక్ అవుతుంది. దయచేసి ఆ పని మాత్రం చేయకండి.

గేరులో కాలు తీసే పద్ధతిని మామూలు రోడ్డు మీద కూడా వాడుకోవచ్చు. దూరంగా రెడ్ లైటు కనబడగానే యాక్సిలరేటర్ వదిలేసి, బండిని దానంతట అదే నెమ్మదించనివ్వండి. బ్రేకు తొక్కిన ప్రతిసారీ మీరు పెట్రోలు పోసి తెచ్చుకున్న వేగం వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. ముందు చూపుతో నడిపేవాళ్ల బండికి బ్రేక్ ప్యాడ్లు కూడా ఎక్కువ కాలం వస్తాయి.

అపోహ: టైరు చూడటానికి బాగుంటే గాలి సరిపోయినట్టే

కంటికి తెలిసేసరికి గాలి చాలా తగ్గిపోయి ఉంటుంది. గాలి తక్కువైతే టైరు ఎక్కువగా నలుగుతుంది, ఇంజిన్ ఎక్కువ కష్టపడాలి, టైరు రెండు అంచులూ ముందే అరుగుతాయి. వేడెక్కి పగిలే ప్రమాదమూ ఉంది. అలాగని ఎక్కువ కొట్టించడం పొదుపు కాదు. అప్పుడు నడిమి భాగం అరుగుతుంది, బ్రేకు వేసినప్పుడు పట్టు తగ్గుతుంది.

ఎంత కొట్టించాలో టైరు మీద వెతకకండి. అక్కడ రాసి ఉండేది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ ఒత్తిడి. మీ బండికి సరిపోయే అంకె కారులో అయితే సాధారణంగా డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద, బైకుకు అయితే యజమాని పుస్తకంలో ఉంటుంది. బండి చల్లగా ఉన్నప్పుడు, అంటే బయలుదేరే ముందు, నెలకోసారైనా చూడండి. దూరం నడిపి వచ్చాక చూస్తే టైరులో గాలి వేడెక్కి అంకె ఎక్కువ చూపిస్తుంది. స్పేర్ టైరు మర్చిపోకండి.

నైట్రోజన్ నింపిస్తే మంచిదా అని చాలామంది అడుగుతారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. ఉచితంగా నింపితే సరే, డబ్బు పెట్టి నింపించనక్కర్లేదు. క్రమం తప్పకుండా చూసుకుంటే మామూలు గాలే చాలు.

అపోహ: ఖరీదైన పెట్రోలులో శక్తి ఎక్కువ

ఖరీదైన పెట్రోలు అంటే చాలావరకు ఆక్టేన్ అంకె ఎక్కువ ఉన్నది. ఆ అంకె చెప్పేది శక్తి గురించి కాదు. ఇంజిన్‌లో ఒత్తిడికి ఇంధనం వేళ కాని వేళ అంటుకోకుండా ఎంతవరకు తట్టుకుంటుందో చెబుతుంది. కంపెనీ ఎక్కువ ఆక్టేన్ కావాలని రాసిన బండికి అదే పోయాలి. రాయని బండికి పోస్తే అదనపు ఖర్చే.

అపోహ: తెల్లవారుజామున చల్లటి వేళ పోయిస్తే ఎక్కువ పెట్రోలు వస్తుంది

బంకుల్లో ట్యాంకులు నేల లోపల ఉంటాయి. అక్కడ పగటికీ రాత్రికీ ఉష్ణోగ్రత పెద్దగా మారదు. పైగా ఒక డిగ్రీ తేడాకు పెట్రోలు వ్యాకోచించేది సుమారు 0.1 శాతమే. దీనికోసం నిద్ర మానుకోనక్కర్లేదు.

అపోహ: ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే పెట్రోలు ఎక్కువ తాగుతుంది

ఇంజెక్షన్ బండి 10 సెకన్ల కన్నా ఎక్కువసేపు నిలబడాలంటే ఆపేయడమే చవక. పొద్దున్నే నిమిషాల తరబడి ఇంజిన్ వేడి చేయడమూ వృథాయే. అర నిమిషం చాలు, తర్వాత మొదటి కొంత దూరం నిదానంగా నడపండి. నడిస్తేనే ఇంజిన్ త్వరగా వేడెక్కుతుంది.

అపోహ: హైవే మీద ఎంత వేగంగా వెళ్లినా టాప్ గేరులో ఉంటే చాలు

గాలి అడ్డు వేగం వర్గాన్ని (వేగాన్ని వేగంతోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి పెరుగుతుంది. 80 కిలోమీటర్ల వేగం నుంచి 100కు వెళితే ఆ అడ్డు 56 శాతం ఎక్కువవుతుంది. 30 కిలోమీటర్ల ప్రయాణంలో ఆ అదనపు వేగం వల్ల కలిసొచ్చేది నాలుగున్నర నిమిషాలు. ఆ నిమిషాలు అవసరమో కాదో మీరే చూసుకోండి. కారు పైన వాడని క్యారియర్ ఉంటే విప్పేయండి, అదీ గాలిని అడ్డుకునేదే. ఏసీ గురించి కూడా ఇక్కడే చెబుతాను. ఊళ్లో నిదానంగా తిరిగేటప్పుడు అద్దాలు దించుకుంటే పొదుపు. హైవే వేగంలో అద్దాలు మూసి ఏసీ వేసుకున్నా పెద్దగా నష్టం లేదు. ఎండలో నిలిపిన కారు ఎక్కగానే ముందు అద్దాలు దించి వేడి గాలి పోనివ్వండి, ఏసీకి పని తగ్గుతుంది.

అపోహ: నడుస్తున్న బండికి రిపేరు ఎందుకు

నాకు బాగా బాధ కలిగించే మాట ఇది. బ్రేకు వేస్తే కీచుమని శబ్దం వస్తోందంటే, చాలాసార్లు ప్యాడ్లు అయిపోతున్నాయని అర్థం. అప్పుడే మారిస్తే ప్యాడ్ల ఖర్చుతో పోతుంది. ఆగితే ఇనుము ఇనుమును రాసుకుని డిస్కులు కూడా మార్చాలి. టైమింగ్ బెల్టు (ఇంజిన్‌లో వాల్వులూ పిస్టన్లూ ఒకే లయలో కదిలేలా చూసే పట్టీ) అయితే ఇంకా ఘోరం. చెప్పిన కిలోమీటర్లకు మార్చకపోతే ఒకరోజు తెగుతుంది, చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. బెల్టు ఖర్చు ఆదా చేసుకుందామని ఇంజిన్ విప్పించుకున్నవాళ్లను చూశాను. చేతిలో డబ్బు తక్కువగా ఉన్న నెలలో ఏది ఆపొచ్చు, ఏది ఆపకూడదు అని మీ మెకానిక్‌ను సూటిగా అడగండి. పాలిష్, కోటింగ్ ఆపొచ్చు. బ్రేకులు, ఇంజిన్ ఆయిల్, కూలెంట్ ఆపకూడదు.

అపోహ: మైలేజీ ఎక్కువిచ్చే కొత్త బండి కొంటే డబ్బు మిగులుతుంది

లెక్క వేసి చూడండి. మీ బండి లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తోంది, కొత్తది 20 ఇస్తుందనుకుందాం. ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరిగితే 667 లీటర్లు పట్టేచోట 500 పడతాయి. మిగిలేది 167 లీటర్లు. వాటి ధరను కొత్త బండి వాయిదాలు, బీమా, మొదటి ఏడాదిలోనే పడిపోయే అమ్మకం విలువతో పోల్చి చూడండి. ఎక్కువ తిరగనివాళ్లకు చాలాసార్లు పాత బండిని బాగా చూసుకోవడమే లాభం. రోజూ దూరం తిరిగేవాళ్లకు లెక్క మారొచ్చు.

ఈ లెక్కకు అసలు మైలేజీ తెలియాలి. ట్యాంకు నింపించి మీటరు రాసుకోండి. ఇంధనం చాలావరకు అయ్యాక, వీలైతే అదే బంకులో, మళ్లీ నింపించి, తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగించండి. రెండుసార్లూ ఆటో కట్ పడగానే (ట్యాంకు నిండి పంపు దానంతట అదే ఆగగానే) ఆపించండి. ఆపైన కుక్కి పోయిస్తే లెక్క తప్పుతుంది, కారులో అయితే పెట్రోలు ఆవిరిని పట్టే డబ్బా కూడా పాడవుతుంది.