డైవ్‌మాస్టర్ శిక్షణకి విదేశం వెళ్లేముందు: అపోహలు - వాస్తవాలు

డిగ్రీ అయ్యాక ఒక ఏడాది విరామం తీసుకుని థాయ్‌లాండ్‌లోని కో తావోకో, ఈజిప్టులోని దహబ్‌కో వెళ్లి స్కూబాని (గాలి సిలిండర్ కట్టుకుని నీటి కింద ఈదడాన్ని) వృత్తిగా నేర్చుకుందామనుకునే గంజాం, కోరాపుట్ వైపు తెలుగు పిల్లల కోసం ఇది.

అపోహ: గోపాలపూర్ అలల్లో పెరిగినవాడికి కొత్తగా నేర్పేదేముంది?

వాస్తవం: ఈత బలం పనికొస్తుంది. పాడీ (డైవింగ్ సర్టిఫికెట్లు ఇచ్చే అంతర్జాతీయ సంస్థ) డైవ్‌మాస్టర్ (డైవర్లని వెంటబెట్టుకెళ్లే మొదటి వృత్తి స్థాయి) కోర్సులో ఫిన్స్ (కాళ్లకి తొడిగే రెక్కలు) లేకుండా 400 మీటర్లు, మాస్క్, స్నార్కెల్ (ఊపిరి గొట్టం), ఫిన్స్‌తో 800 మీటర్లు ఈదాలి. కదలకుండా పడి ఉన్న డైవర్‌ని 100 మీటర్లు లాక్కెళ్లాలి. 15 నిమిషాలు మునగకుండా నిలబడాలి, ఆఖరి 2 నిమిషాలు చేతులు నీటి పైకెత్తి. తీరం కుర్రాళ్లకి ఇవేమంత కష్టం కావు.

చిక్కల్లా ఊపిరి బిగబట్టే అలవాటుతోనే. 10 మీటర్ల లోతున పీడనం 2 బార్లు, ఒడ్డున దాదాపు 1 బార్. అక్కడ రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం) నుంచి నిండుగా పీల్చి, బిగబట్టి పైకొస్తే ఆ గాలి రెట్టింపవుతుంది. ఊపిరితిత్తి చిరిగి, బుడగలు రక్తంలోకి పోవచ్చు. తెప్ప మీంచి ఉత్తినే దూకినవాడికి ఈ గొడవ లేదు, పైన పీల్చిన గాలినే మళ్లీ పైకి తెస్తాడు కాబట్టి. సిలిండర్ కట్టుకున్నవాడు ఒక్క క్షణం కూడా ఊపిరి ఆపకూడదు. పాత అలవాటు పోవడానికి సమయం పడుతుంది.

అపోహ: సిలిండర్‌లో ఉండేది ఆక్సిజన్, గంటకి పైగా వస్తుంది.

వాస్తవం: మామూలు గాలే, 21 శాతం ఆక్సిజన్. శుద్ధ ఆక్సిజన్‌తో 6 మీటర్లు దాటితే ఫిట్స్ రావచ్చు. 11 లీటర్ల సిలిండర్‌లో 200 బార్లంటే 2,200 లీటర్లు. ఒడ్డున నిమిషానికి 20 లీటర్లు పీల్చేవాడికి 20 మీటర్ల లోతున 60 లీటర్లు కావాలి. 50 బార్లు నిల్వ వదిలేస్తే మిగిలేది 27 నిమిషాలు. దిగేముందు గేజ్ (సిలిండర్ పీడనం చూపే మీటర్) చూస్తూ నాలుగుసార్లు పీల్చండి. ముల్లు ఊగిందంటే వాల్వ్ పూర్తిగా తెరవలేదు. పైన చాలినట్టే అనిపించి, లోతులో గాలి అందదు.

అపోహ: చెవినొప్పి ఓర్చుకుంటే అదే అలవాటవుతుంది.

వాస్తవం: ఓర్చుకుంటే కర్ణభేరి చిరుగుతుంది. నొప్పికి ముందే ముక్కు మూసి మెల్లగా ఊదాలి. చెవి తెరుచుకోకపోతే కాస్త పైకి రండి. అప్పటికీ కాకపోతే ఆ రోజు డైవ్ లేదు.

అపోహ: ఆరు వారాల్లో సున్నా నుంచి ఇన్‌స్ట్రక్టర్.

వాస్తవం: ఓపెన్ వాటర్, అడ్వాన్స్‌డ్, రెస్క్యూ అనే మూడు కోర్సులు దాటాకే డైవ్‌మాస్టర్. దానికి వయసు 18 నిండాలి, మొదలుపెట్టడానికి 40 డైవ్‌లు, పూర్తికి 60. ఇన్‌స్ట్రక్టర్ పరీక్షకి 100 డైవ్‌లు, పైగా డైవర్‌గా సర్టిఫికెట్ వచ్చి 6 నెలలు గడవాలి. ఈ 6 నెలల సంగతి ప్రకటనల్లో చిన్న అక్షరాల్లో వేస్తారు.

అపోహ: ఇంటర్న్‌షిప్ ఉచితం, జీతం కూడా ఇస్తారు.

వాస్తవం: ఉచితమంటే చాలాచోట్ల సిలిండర్లు మోయడం, కిట్లు కడగడం. మాన్యువల్స్, సభ్యత్వ రుసుము, బీమా, సొంత డైవ్ కంప్యూటర్ (లోతు, సమయం చూపే చేతి పరికరం) ఎవరి ఖర్చో రాతపూర్వకంగా అడగండి. రోజుకి ఎన్ని డైవ్‌లు మీ లాగ్‌బుక్‌లోకి (డైవ్‌ల లెక్క రాసే పుస్తకం) వస్తాయో కూడా. టూరిస్ట్ వీసా మీద జీతం పుచ్చుకోవడం చట్టవిరుద్ధం. థాయ్‌లాండ్‌లో విదేశీయుడికి వర్క్ పర్మిట్ తప్పనిసరి. ఉబ్బసం, మూర్ఛ, చెవి ఆపరేషన్ ఉంటే టికెట్ కొనకముందే డాక్టర్‌తో మెడికల్ ఫారం నింపించుకోండి.

అపోహ: ఈ డైవ్‌మాస్టర్ కార్డుతో పోర్టులో ఉద్యోగం ఖాయం.

వాస్తవం: ఓడ అడుగు శుభ్రం చేయడం, నీటి కింద వెల్డింగ్ కమర్షియల్ డైవింగ్. దాని శిక్షణ వేరు, పరికరాలు వేరు.

అపోహ: తిరిగొచ్చే రోజు పొద్దున కూడా ఒక డైవ్ వేసుకోవచ్చు.

వాస్తవం: పదేపదే డైవ్‌లు చేశాక విమానానికి కనీసం 18 గంటలు ఆగాలి, ఒక్క డైవే అయితే 12. ఒంట్లో మిగిలిన నైట్రోజన్ తక్కువ పీడనంలో బుడగలు కడుతుంది. కొండ ఎక్కినా అంతే. విశాఖలో రెండు డైవ్‌లు చేసి అదే రాత్రి సాలూరు ఘాట్ మీదుగా కోరాపుట్ బస్సెక్కకండి. ఆఖరి డైవ్ సాయంత్రం 4కి ముగిస్తే, మర్నాడు మధ్యాహ్నం బస్సుకి టికెట్ తీసుకోండి.