బిల్లులో పేరొచ్చింది సరే, డబ్బు వచ్చిందా? వాషింగ్టన్ లాబీయింగ్ మీద అపోహలు - వాస్తవాలు

ప్రతి డిసెంబరులో నాకు ఒకే రకం ఫోన్లు వస్తాయి. "అన్నా, డిఫెన్స్ బిల్లు పాసైందట. మన ప్రోగ్రాం అందులో ఉందట. ఇంక మనుషుల్ని తీసుకోవచ్చు కదా?" అని. గుడిలో ప్రసాదం వరుసలో నిలబడ్డా అదే ప్రశ్న. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేలోపు కొందరు అప్పుల్లో దిగిపోతున్నారు. అందుకే రాసి పెడుతున్నాను.

నేను ఉండేది ఒహాయోలో, డేటన్ దగ్గర. ఈ ప్రాంతం తరఫున వాషింగ్టన్ వెళ్లి, మాకు కావలసినవి ఫెడరల్ ప్రభుత్వాన్ని అడగడం, అంటే లాబీయింగ్, నా ఉద్యోగం. ఇక్కడ అందరికీ అన్నం పెట్టేది రైట్-ప్యాటర్సన్ ఎయిర్ ఫోర్స్ బేస్. ఒహాయోలో ఒకే చోట ఇంతమందికి ఉద్యోగాలిచ్చే సంస్థ మరొకటి లేదు. ఎయిర్ ఫోర్స్ రీసెర్చ్ ల్యాబ్ ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉంది. బేస్‌ని ఆనుకుని ఉన్న బీవర్‌క్రీక్, ఫెయిర్‌బార్న్‌లలో చిన్న చిన్న కంపెనీలు పెట్టుకున్నవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. నా బాధ ఎక్కువగా వాళ్ల గురించే.

అపోహ: ఎన్‌డీఏఏలో (ఏటా వచ్చే ఆ డిఫెన్స్ బిల్లులో) పేరు వచ్చిందంటే డబ్బు వచ్చినట్టే.

కాదు. ఈ ఒక్క ముక్క తెలియక నష్టపోయినంతగా మనవాళ్లు మరే విషయంలోనూ నష్టపోలేదు.

ఎన్‌డీఏఏ అంటే అథరైజేషన్. ఫలానా పని చేసుకోవచ్చు, దానికి ఇంతవరకు ఖర్చు పెట్టుకోవచ్చు అని చట్టం ఒప్పుకోవడం. అంతవరకే. ఖజానాలోంచి డాలరు కదలాలంటే అప్రోప్రియేషన్స్ బిల్లు వేరే పాసవ్వాలి. ఆ కమిటీ వేరు, అందులో సభ్యులు చాలావరకు వేరు, వాళ్లకి అర్జీ పెట్టుకునే గడువూ వేరు. ఒకచోట మన మాట నెగ్గి రెండోచోట వీగిపోవడం ఏటా జరిగేదే.

మా బాబాయి గుంటూరు జిల్లాలో చిన్న సివిల్ కాంట్రాక్టరు. రోడ్డుకి పరిపాలనా అనుమతి జీవో రాగానే ఊళ్లో శిలాఫలకం వేసేవారు, కొబ్బరికాయ కొట్టేవారు. మర్నాటి నుంచి బాబాయి అప్పు తెచ్చి కంకర తోలించేవాడు. బిల్లులు మాత్రం ఏళ్ల తరబడి పెండింగులో ఉండేవి. నేను ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో ఉండగా తాకట్టులోకి వెళ్లిన పిన్ని గాజులు, నేను ఈ దేశానికి విమానం ఎక్కేనాటికి కూడా ఇంటికి రాలేదు. "జీవో వేరురా, రిలీజ్ వేరు" అనేవాడు బాబాయి. అథరైజేషన్ జీవో లాంటిది. అప్రోప్రియేషన్ అయితేనే రిలీజ్ మాట. ఆంధ్రాలోనో తెలంగాణలోనో ఒక్క ప్రభుత్వ పనైనా చేసిన ఇంట్లో పుట్టినవాళ్లకి ఇది ఇంతకంటే విడమరిచి చెప్పనక్కర్లేదు. అయినా ఇక్కడికొచ్చాక, అమెరికా ప్రభుత్వం కదా, బిల్లు పాసైతే డబ్బు రాకుండా ఎలా ఉంటుంది అనుకుంటాం.

2024 జనవరిలో ఒక తమ్ముడు మా ఇంటికొచ్చాడు. సెన్సర్ల పని చేసే చిన్న కంపెనీ, తొమ్మిది మంది ఉద్యోగులు. ఎన్‌డీఏఏ చివర్లో ఉండే ఫండింగ్ టేబుల్స్ ప్రింటు తీసుకొచ్చి మా డైనింగ్ టేబుల్ మీద పరిచాడు. తన పని పడే లైను మీద పసుపు రంగు మార్కరుతో గీత. ఒక కాలమ్‌లో ప్రభుత్వం అడిగిన అంకె, పక్క కాలమ్‌లో అంతకన్నా పెద్ద అంకె. కింద 'ప్రోగ్రాం ఇంక్రీజ్' అని ఒక లైను. "చూడన్నా, పెంచారు. మనం అడిగిందే!" అన్నాడు. ముఖం వెలిగిపోతోంది. నేను ఆ రెండో కాలమ్ శీర్షిక మీద వేలు పెట్టి చదవమన్నాను. 'కాన్ఫరెన్స్ అథరైజ్డ్' అని చదివాడు. ఒక్క నిమిషం ఆగి, "అంటే?" అన్నాడు.

అప్పటికే పక్క యూనిట్ అద్దెకి తీసుకుని మూడేళ్ల లీజు మీద సంతకం పెట్టేశాడు. ఇద్దరికి ఆఫర్ లెటర్లు కూడా వెళ్లిపోయాయి.

ఆ ఏడాది తేదీలు చూడండి. ఫెడరల్ ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది. 2024 ఆర్థిక సంవత్సరపు ఎన్‌డీఏఏ మీద సంతకం పడింది 2023 డిసెంబరు 22న. డబ్బిచ్చే డిఫెన్స్ అప్రోప్రియేషన్స్ మీద సంతకం పడింది 2024 మార్చి 23న. మధ్యలో మూడు నెలలు. అక్టోబరు నుంచి లెక్కేస్తే దాదాపు ఆరు నెలలు సీఆర్ మీదే బండి నడిచింది. సీఆర్ (కంటిన్యూయింగ్ రిజల్యూషన్) అంటే కొత్త బడ్జెట్ పాసయ్యేదాకా పాత ఏడాది స్థాయిలోనే ఖర్చు. మామూలుగా కొత్త పనులు మొదలుపెట్టకూడదు. ఎన్‌డీఏఏలో ఎంత పెద్ద అంకె ఉన్నా ఆ ఆరు నెలలు అది కాగితం మీద అంకెగానే ఉంటుంది.

మార్చిలో అప్రోప్రియేషన్స్ పట్టిక వచ్చింది. మేము అడిగిన పెంపు అందులో ఉంది కానీ సగానికి తగ్గింది. సరే, సగమైనా వచ్చింది కదా అంటారా? ప్రోగ్రాం ఇంక్రీజ్ ఏ కంపెనీ పేరు మీదా రాదు. అది ఆ పని చూసే ప్రభుత్వ ప్రోగ్రాం ఆఫీసుకి చేరాలి, వాళ్లు ప్రకటన ఇవ్వాలి, కంపెనీలు పోటీ పడాలి. ఆ ప్రకటన ఎండాకాలంలో వచ్చింది. తమ్ముడు మంచి ప్రపోజలే పెట్టాడు, కానీ పని వేరే రాష్ట్రం కంపెనీకి పోయింది. తీసుకున్న ఇద్దరిలో ఒకర్ని వదులుకోవలసి వచ్చింది. లీజు ఇప్పటికీ కడుతున్నాడు. తప్పంతా అతనిదంటే నేను ఒప్పుకోను. బిల్లు పాసైన రోజు నాయకుల ఆఫీసుల నుంచి వచ్చే ప్రకటనల్లో 'మన ప్రాంతానికి ఇన్ని మిలియన్లు సాధించాం' అనే ఉంటుంది. అందులో అథరైజేషన్ అనే మాట ఎక్కడో మూడో పేరాలో ఉంటుంది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఇంకో దెబ్బ చెప్తాను, ఇది ఊళ్లకి తగిలింది. కమ్యూనిటీ ప్రాజెక్ట్ ఫండింగ్ అని విని ఉంటారు. పాత ఇయర్‌మార్క్‌లే, అంటే కాంగ్రెస్ సభ్యులు తమ ప్రాంతంలో ఫలానా పనికని అడిగి పెట్టించే నిధులు. 2011లో ఆపేసి, 2021లో కొత్త నిబంధనలతో తిరిగి తెచ్చారు. ఏ సభ్యుడు ఏ పని అడిగాడో ఇంటర్నెట్‌లో పెట్టాలి, అందులో తనకి సొంత లాభం లేదని రాసివ్వాలి, లాభం కోసం నడిచే కంపెనీలకి ఇవ్వకూడదు. మంచి ఏర్పాటే. 2025 ఆర్థిక సంవత్సరానికి కమిటీ జాబితాల్లో పేర్లు రాగానే చాలా ఊళ్లు పండగ చేసుకున్నాయి. తీరా 2025 మార్చి 15న సంతకమైంది ఏడాది పొడవు సీఆర్. ఆ జాబితా మొత్తం ఎగిరిపోయింది, ఒక్క ప్రాజెక్టు కూడా మిగల్లేదు. నాకు తెలిసిన ఒక చిన్న ఊరి వాళ్లు అప్పటికే నీటి పైపుల డిజైనుకి కన్సల్టెంటుకి డబ్బు కట్టేశారు. ఆ ఊరి అధికారి ఫోన్‌లో ఏడవలేదు గానీ, గొంతు మాత్రం ఏడుస్తున్న మనిషిదే.

కాబట్టి దయచేసి ఇలా చేయండి. మీ పని ఏ లైనులో పడుతుందో ముందు తెలుసుకోండి. పరిశోధన పనులకి ప్రోగ్రాం ఎలిమెంట్ నంబరు ఉంటుంది. ఉదాహరణకి ఎయిర్ ఫోర్స్ పదార్థాల పరిశోధన లైను 0602102ఎఫ్. ఆ నంబరు పట్టుకుని రెండు బిల్లుల పట్టికలూ చూడండి. అంకెలు వేల డాలర్లలో ఉంటాయి, పైన చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, అక్కడ కూడా పప్పులో కాలేసిన వాళ్లున్నారు. రెండింటిలోనూ ఉంటే ప్రోగ్రాం ఆఫీసుని అడగండి: డబ్బు మీ చేతికి ఎప్పుడొస్తుంది, ప్రకటన ఎప్పుడిస్తారు అని. పరిశోధన నిధులు కేటాయించడానికి రెండేళ్ల గడువు ఉంటుంది, కాబట్టి వాళ్లకి మీ అంత తొందర ఉండకపోవచ్చు. కాంట్రాక్టింగ్ ఆఫీసరు సంతకం పడిన కాగితం చేతికొచ్చేదాకా లీజులు, ఆఫర్ లెటర్లు, కొత్త మెషీన్లు ఏవీ వద్దు.

అపోహ: బేస్ మూసేస్తున్నారట.

ఈ వాట్సాప్ పుకారు పుట్టించేవాళ్ల మీద నాకు నిజంగా కోపం. బేస్‌లో పనిచేసే ఒక అక్క నిరుడు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి, "ఇల్లు ఇప్పుడే అమ్మేయమంటావా? పిల్లాడిది ఇంకా పదో క్లాసు" అంది. ఆమె టెన్షన్‌ని నేను తప్పుపట్టను. 2013లో సీక్వెస్ట్రేషన్ (ఖర్చుల్లో ఆటోమేటిక్ కోత) పేరుతో ఆరు రోజులు జీతం లేకుండా ఇంట్లో కూర్చోబెట్టిన ఉద్యోగుల్లో ఆమె కూడా ఉంది. 2025లో 43 రోజుల షట్‌డౌన్ కూడా చూసింది. అంత చూసిన మనిషికి ఏ పుకారైనా నిజంలాగే అనిపిస్తుంది.

ఆమెకి చెప్పిందే అందరికీ చెప్తున్నాను. పెద్ద బేస్‌ల మూసివేతలు జరిగిన పద్ధతి బ్రాక్ (బేస్ రీఅలైన్‌మెంట్ అండ్ క్లోజర్). ఇప్పటికి ఐదు విడతలు జరిగాయి: 1988, 1991, 1993, 1995, 2005. కొత్త విడత కావాలంటే కాంగ్రెస్ చట్టం చేయాలి. పెంటగాన్ 2005 తర్వాత చాలాసార్లు అడిగింది, కాంగ్రెస్ ఒప్పుకోలేదు. ఒకవేళ రేపు ఒప్పుకున్నా జాబితా, కమిషన్, విచారణలు, ఓటింగ్ అన్నీ అందరి కళ్ల ముందే జరుగుతాయి. రాత్రికి రాత్రి గేటుకి తాళం పడదు.

జాబితాలో పేరొస్తే అంతా అయిపోయినట్టు కూడా కాదు. 2005 మే నెలలో సౌత్ డకోటాలోని ఎల్స్‌వర్త్ బేస్ పేరు మూసివేత జాబితాలో వచ్చింది. ఆ రాష్ట్రం వాళ్లు కన్నీళ్లతో సరిపెట్టలేదు, లెక్కలు పట్టుకెళ్లారు. దాన్ని మూస్తే పెంటగాన్ చెప్పినంత మిగలదని వాదించారు. ఆగస్టులో కమిషన్ ఆ బేస్‌ని ఉంచేసింది. అదే విడతలో శాన్ ఆంటోనియోలోని బ్రూక్స్ మూతపడి, అక్కడి ఏరోస్పేస్ మెడిసిన్ స్కూలు మా డేటన్‌కి వచ్చింది. మాకు సంబరమే. అక్కడ ఇళ్లు అమ్ముకున్న వాళ్లని కలిసినప్పటి నుంచి ఆ సంగతి మీటింగుల్లో గొప్పగా చెప్పుకోవడం మానేశాను. బ్రాక్‌లో మొదట చూసేది మిలిటరీ విలువ. ఊరికి ఎంత నష్టమన్నది ఆ తర్వాతే. అందుకే మా పనంతా బ్రాక్ లేని ఏళ్లలో ఉంటుంది: రన్‌వే దారిలో ఇళ్లు కట్టనివ్వకుండా చూడటం, గేటు దగ్గర రోడ్డు వెడల్పు చేయించడం లాంటివి.

అపోహ: లాబీయింగ్ అంటే పైరవీ, కవర్లు అందించడం.

లంచం ఇస్తే జైలు. రిజిస్టరైన లాబీయిస్టు ఒక కాంగ్రెస్ సభ్యుడికి భోజనం పెట్టించడం కూడా 2007 చట్టం తర్వాత దాదాపు కుదరదు. మూడు నెలలకోసారి ఎవరి తరఫున, ఏ విషయం మీద, ఎంతకి పనిచేశామో రిపోర్టు ఇవ్వాలి. ఇంటర్నెట్‌లో ఎవరైనా చదువుకోవచ్చు. నేను మోసేది డబ్బు సంచి కాదు, ఒక్క పేజీ కాగితం: ఏ లైను, ఎంత, ఎందుకు. దాన్ని చదివేది చాలాసార్లు సభ్యుడి ఆఫీసులో పనిచేసే పాతికేళ్ల స్టాఫరు. వాళ్లని చిన్నచూపు చూడకండి.

అపోహ: హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లు కాంగ్రెస్ ఆఫీసుకి వెళ్తే వీసాకి ముప్పు.

వెళ్లొచ్చు, ఉత్తరం రాయొచ్చు, మీ ప్రాంతం గురించి మాట్లాడొచ్చు. ఎన్నికల చందా మాత్రం ఇవ్వకూడదు, ఒక్క డాలరు కూడా. గ్రీన్ కార్డు ఉంటే ఇవ్వొచ్చు. కంపెనీ చెక్కు మాత్రం ఫెడరల్ అభ్యర్థికి ఎవరూ ఇవ్వకూడదు.

అపోహ: కమీషన్ ఇస్తే కాంట్రాక్టు ఇప్పించేవాళ్లు ఉంటారు.

"పని వచ్చాకే ఇవ్వండి, ఐదు శాతం చాలు" అని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. పలుకుబడి వాడి కాంట్రాక్టు ఇప్పిస్తామని అలా వాటా తీసుకోవడాన్ని ఫెడరల్ కాంట్రాక్టుల నిబంధనలే నిషేధించాయి. రేపు ఆ ఒప్పందం బయటపడితే పోయేది మీ కాంట్రాక్టే. ప్రభుత్వానికి అమ్ముకోవాలంటే కావలసిన శామ్ (ప్రభుత్వ కాంట్రాక్టర్ల వెబ్‌సైట్) రిజిస్ట్రేషన్ ఉచితం. దానికి వందల డాలర్లు అడిగే ఈమెయిళ్లు వస్తే డిలీట్ చేయండి. ఫారాలు నింపడం రాకపోతే ప్రభుత్వ కాంట్రాక్టుల విషయంలో కంపెనీలకి సాయం చేసే మీ దగ్గర్లోని ఏపెక్స్ యాక్సిలరేటర్‌కి ఫోన్ చేయండి, ఇదివరకు పీటాక్ అనేవారు దాన్నే. వాళ్లు పక్కన కూర్చుని చూపిస్తారు.