గడ్డికీ నేలకీ మధ్య ఆవు ఎందుకు?

హోసకోటె దగ్గర ఎకరం పొలం కొన్న ఒక పాఠకుడు వైట్‌ఫీల్డ్ నుంచి అడిగారు: "రాగి కోశాక గడ్డిని నేరుగా దున్నేస్తే ఎరువే కదండీ, మధ్యలో ఆవు దేనికి?"

మంచి ప్రశ్న. జవాబంతా కార్బన్, నత్రజనుల లెక్కలో ఉంది. ఎండుగడ్డిలో ఒక వంతు నత్రజనికి కార్బన్ 60 వంతులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. నేలలోని సూక్ష్మజీవులకు సరిపడేది సుమారు 25. గడ్డి దున్నేయడమంటే వాటి విస్తట్లో కుప్పగా అన్నం పోసి చెంచాడు పప్పు వెయ్యడమే. పప్పు చాలక పక్క విస్తట్లోంచి లాక్కుంటాయి. ఆ పక్క విస్తరి మన పంటది! వెంటనే విత్తితే మొక్కలు కొన్ని వారాలు పాలిపోయి ఉండేది అందుకే.

ఆవు ఆ అన్నాన్ని ముందే తగ్గిస్తుంది. వంద లీటర్లకు పైగా పట్టే మొదటి పొట్టలో, 39 డిగ్రీల వేడిలో, ఆక్సిజన్ దాదాపు లేనిచోట, ఫైబ్రోబాక్టర్, రుమినోకాకస్ లాంటి బాక్టీరియా గడ్డిలోని పీచు పదార్థమైన సెల్యులోజ్‌ని విరగ్గొట్టి అసిటేట్, ప్రొపియోనేట్, బ్యూటిరేట్ అనే, ఆవుకు శక్తినిచ్చే ఆమ్లాలుగా మారుస్తాయి. ఆ కార్బన్ చాలావరకు ఊపిరిలో, కొంత మీథేన్‌గా, కొంత పాలలో పోతుంది. మేతలో నత్రజని తక్కువైతే కాలేయం చేసిన యూరియా లాలాజలంతో మళ్లీ పొట్టలోకే వస్తుంది. నాకు ఈ ఏర్పాటంటే మహా ఇష్టం. చివరికి పేడలో నిష్పత్తి 20, 25కి దిగుతుంది. అన్నానికి తగ్గ పప్పు.

అయితే ఆవు నత్రజనిని పుట్టించదు. గాలిలోంచి దాన్ని పట్టేది రాగి సాళ్ల మధ్య వేసే అనుములు, అలసందల వేరు బుడిపెల్లోని రైజోబియం అనే బాక్టీరియా. ఇక్కడి రైతులు కన్నడంలో 'అక్కడి సాలు' అని పిలిచే ఆ మిశ్రమ పంట లేకపోతే ఆవు, పొలం రెండూ నెమ్మదిగా బీదపడతాయి.

అసలు నష్టం కొట్టంలో జరుగుతుంది. మేతలోని నత్రజనిలో పాలకు వెళ్లేది ఇంచుమించు నాలుగో వంతు. మిగిలినదాంట్లో సగం దాకా, దాణా బాగా పెడితే అంతకంటే ఎక్కువ, ఉచ్చలో పోతుంది. గోమూత్రానికి మహిమలు చెప్పేవాళ్లున్నారు. నాకు వాటి మీద నమ్మకం లేదు. అందులోని యూరియా మీద ఉంది. పేడలోని యూరియేజ్ అనే ఎంజైమ్ తగిలితే అది గంటల్లోనే అమ్మోనియాగా మారడం మొదలవుతుంది. సిమెంటు గచ్చు కొట్టంలో పొద్దున్నే ముక్కు మండించే ఘాటు అదే. ఈసారి పప్పే ఎక్కువ! గాడిలో పశువు తినకుండా వదిలిన గడ్డిని కింద పరిస్తే ఉచ్చ పీల్చుకుంటుంది. దాన్ని రోజూ ఎత్తి పెంటకుప్పలో వేసి, పైన మట్టి కప్పాలి.

చిత్తూరు, అనంతపురం వైపు రైతులు గొర్రెల మంద కట్టించుకునేదీ ఇందుకే. ఉచ్చ, పెంటికలు రెండూ నేరుగా చేలోనే పడతాయి. మంద లేవగానే, ఎండ ఎక్కకముందే, పైపైన దున్నితే చాలావరకు దక్కుతుంది.