పాత బైకు ముందు బ్రేకు: లివర్ వెనక లెక్క

ఇంజన్ చప్పుడుకు మురిసిపోయి పాత బైకు కొన్నవాళ్లకు అసలు సంగతి మొదటి సడన్ బ్రేకుతో తెలిసొస్తుంది. లివర్ ఎంత గట్టిగా పిసికినా బండి తాపీగా, తనకు తోచినప్పుడే ఆగుతుంది. ముందు బ్రేకు మార్చెయ్యాలన్న ఆలోచన అక్కడే పుడుతుంది. నేనూ అలాగే అనుకుని, ఉన్నదానికన్నా లావు పిస్టన్ ఉన్న మాస్టర్ సిలిండర్ (లివర్ దగ్గర ఉండి బ్రేక్ ఆయిల్‌ను తోసేది) తెచ్చి బిగించాను. పెద్దదైతే బలంగా పట్టాలి కదా! లివర్ రాయిలా గట్టిపడింది. బండి మాత్రం మునుపటికన్నా ఆలస్యంగా ఆగింది. సామాను మంచిదే, నా లెక్కే తప్పింది.

ఆ లెక్క బడిలో చదువుకున్న పాస్కల్ సూత్రమే. మూసి ఉన్న ద్రవాన్ని ఒకచోట ఒత్తితే ఆ పీడనం అంతటా సమానంగా పాకుతుంది. లివర్ నొక్కినప్పుడు మాస్టర్ సిలిండర్‌లోని చిన్న పిస్టన్ బ్రేక్ ఆయిల్‌ను తోస్తుంది. చక్రం దగ్గర కాలిపర్ అనే పట్టులో ఉన్న పెద్ద పిస్టన్ ఆ పీడనంతో ప్యాడ్‌ను, చక్రంతో పాటు తిరిగే ఉక్కు పళ్లేనికి, అంటే డిస్కుకు, అదుముతుంది. పైది ఎంత చిన్నదైతే, కిందిది ఎంత పెద్దదైతే బలం అంత ఎక్కువ. పై పిస్టన్ వ్యాసం 14 మిల్లీమీటర్లు, కిందిది 38 అనుకుందాం. వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 1444ను 196తో భాగించాలి. సుమారు 7.4 రెట్లు. పైదాన్ని 16 మిల్లీమీటర్లకు మారిస్తే అది 5.6కి పడిపోతుంది. అంటే డబ్బులు పెట్టి మరీ దాదాపు నాలుగో వంతు బలం పోగొట్టుకున్నానన్నమాట. అదే 12.7 మిల్లీమీటర్లదైతే దాదాపు 9 రెట్లు వచ్చేది. కాకపోతే బలం పెరిగిన కొద్దీ లివర్ నడక, అంటే అది లోపలికి పోయే దూరం, కూడా పెరుగుతుంది. మరీ చిన్న సిలిండర్ పెడితే ప్యాడ్లు పూర్తిగా పట్టేలోపే లివర్ వచ్చి గ్రిప్పుకు తగులుతుంది. లివర్ గట్టిగా ఉందంటే బ్రేకు గట్టిదని కాదు, ఈ తేడా తెలియడానికి నాకు ఒక సిలిండర్ ఖర్చయింది.

ఇంతకీ ముందు బ్రేకు మీదే ఎందుకీ పట్టుదల? బ్రేకు వేయగానే బరువు ముందుకు ఒరుగుతుంది. బండి, మనిషి కలిసి 220 కిలోలు, రెండు చక్రాల మీద చెరి సగం ఉందనుకోండి. చక్రాల మధ్య దూరం 1.3 మీటర్లు, గరిమనాభి నేల నుంచి 0.6 మీటర్ల ఎత్తు. పొడి రోడ్డు మీద గట్టిగా ఆపితే, అంటే గురుత్వ త్వరణంలో 0.7 వంతు మేర వేగం తగ్గిస్తే, 70 కిలోల బరువు వెనక చక్రాన్ని వదిలి ముందు చక్రం మీదికి వస్తుంది. ముందు 180, వెనక 40. ఆ 40 కిలోలతో వెనక టైరు ఏం పట్టగలదు? కాస్త గట్టిగా తొక్కితే జారిపోతుంది.

ఇక బండి వేగమంతా చివరికి వేడిగా మారాల్సిందే. ఇదే 220 కిలోలు గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉంటే గతిశక్తి దాదాపు 30 కిలోజౌళ్లు, 80లో ఉంటే 54. వేగం మూడో వంతే పెరిగింది, వేడి మాత్రం ఇంచుమించు రెట్టింపు. ఆ 54 కిలోజౌళ్లూ కిలోన్నర ఉక్కు డిస్కులోకే వెళితే ఒక్కసారి ఆపడానికే అది సుమారు 75 డిగ్రీలు వేడెక్కుతుంది. డిస్కు బయట గాలిలో తిరుగుతుంది కాబట్టి త్వరగా చల్లారుతుంది. చక్రం మధ్య డబ్బాలో షూలు లోపలి నుంచి ఒరుసుకుని ఆపే డ్రమ్ము బ్రేకు కథ వేరు. వేడెక్కితే అది వ్యాకోచించి లోపలి షూల నుంచి దూరం జరుగుతుంది, లివర్ ఇంకా ఇంకా లోపలికి పోతుంది. డిస్కు బ్రేకు మీద ఇంగ్లండులో లాంచెస్టర్ అనే ఇంజనీరు 1902లోనే పేటెంటు తీసుకున్నా, పెద్ద బైకుల్లో అది మామూలు కావడానికి 1969లో హోండా సీబీ750 ముందు చక్రానికి హైడ్రాలిక్ డిస్కుతో రావాల్సి వచ్చింది.

నా బండి దగ్గరికొస్తే, అసలు జబ్బు సిలిండర్‌లో లేదు. పాత రబ్బరు గొట్టంలో ఉంది. ఏళ్లు గడిచిన రబ్బరు పీడనానికి ఉబ్బుతుంది, మన వేళ్ల బలంలో కొంత ఆ ఉబ్బుకే పోతుంది. లోపలి పొర ఊడి దారికి అడ్డం పడితే ఇంకో తంటా. ఆయిల్ కిందికి పోతుంది కానీ తిరిగి రాదు, లివర్ వదిలినా బ్రేకు పట్టే ఉంటుంది. బయట ఉక్కు అల్లిక, లోపల టెఫ్లాన్ ఉన్న గొట్టం వేయగానే లివర్‌లో మెత్తదనం సగం పోయింది. మిగతా సగం ఆయిల్‌లో ఉంది. మామూలు బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 అనే రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155కి దిగుతుంది. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నలగదు, బుడగ నలుగుతుంది, లివర్ గ్రిప్పు దాకా వెళ్లిపోతుంది. అందుకే కొత్త ఆయిల్ పోశాక గాలి పూర్తిగా తీయాలి. పెయింట్ మీద చుక్క పడితే వెంటనే నీళ్లతో కడగాలి, లేకపోతే రంగు లేచిపోతుంది. సిలికాన్‌తో చేసే డాట్ 5ను మాత్రం వీటితో కలపకూడదు.

కాలిపర్ విప్పితే నాకు ఎప్పుడూ ముచ్చటేసేది పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు సీలు. లివర్ నొక్కితే పిస్టన్‌తో పాటు కొద్దిగా మెలి తిరుగుతుంది, వదిలితే మళ్లీ తన ఆకారానికి వస్తూ పిస్టన్‌ను వెనక్కి లాగుతుంది. డిస్కు బ్రేకులో ప్యాడ్‌ను వెనక్కి తెచ్చే స్ప్రింగు అంటూ ఉంటే ఇదే. సీలు కూర్చునే గాడిలో తుప్పు, ఉప్పు పేరుకుంటే అది పిస్టన్‌ను బిగించేస్తుంది. గాడి గీకి శుభ్రం చేసి కొత్త సీలు వేయడం చవకైన పని, అయినా చాలామంది దాన్ని వదిలేసి పెద్ద డిస్కు వైపే చూస్తారు.

పెద్ద డిస్కు వల్ల లాభం లేదనను. 260 మిల్లీమీటర్ల నుంచి 300కి వెళితే, అదే ప్యాడ్లతో దాదాపు 15 శాతం ఎక్కువ పట్టు వస్తుంది, చల్లబడటం కూడా మెరుగు. కానీ ఆ బలాన్ని మోయాల్సింది ముందు చక్రాన్ని రెండు కాళ్లతో పట్టుకునే పాతకాలపు సన్న ఫోర్కు. ఒకవైపే డిస్కు ఉంటే ఫోర్కు మెలిపడుతుంది. ఆఖరున రోడ్డును పట్టుకునేది టైరు. గట్టిపడిపోయిన పాత టైరు మీద బలమైన బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుని జారడమే మిగులుతుంది.

నా బండికి మళ్లీ పాత 14 మిల్లీమీటర్ల సిలిండరే ఎక్కించాను, కొత్త సీళ్లతో. రెండు వేళ్లతో ఆగుతోంది. ఆ 16ది పెట్టెలో ఉంది. ఫోర్కు రెండో కాలికి కాలిపర్ బిగించే చెవులు ఖాళీగా ఉన్నాయి. అక్కడ ఇంకో 38 పిస్టన్ చేరితే ఈ 14తో నిష్పత్తి దాదాపు 15కి చేరి లివర్ నడక మరీ పెరుగుతుంది, అప్పుడు ఆ లావు సిలిండరే కావాలి, దానితో 11 దాటుతుంది.