టెర్మినల్‌లో కొత్త మెయిల్ కోసం కాపలా: అపోహలు - వాస్తవాలు

నా పని సర్వర్లు చూసుకోవడం. బ్యాకప్ ఆగిపోయినా, డిస్క్ నిండినా ముందుగా తెలిసేది మెయిల్‌లోనే. అందుకని బ్రౌజర్ తెరవకుండా, కమాండ్ లైన్ నుంచే మెయిల్‌బాక్స్‌ను కనిపెట్టుకుని ఉండే స్క్రిప్టులు చాలానే రాశాను. వాటిలో సగం ఏదో ఒక రోజు నన్ను మోసం చేశాయి. ప్రతిసారీ గొడవ దాదాపు ఒకచోటే వచ్చింది: "కొత్త మెయిల్" అంటే నేను ఒకటి అనుకున్నాను, ఆ ప్రోగ్రాం ఇంకొకటి అనుకుంది. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ల నోట తరచూ వినే మాటలు కొన్ని తీసుకుని చెబుతాను.

అపోహ: షెల్ "యూ హావ్ న్యూ మెయిల్" అందంటే చదవని మెయిల్ ఉన్నట్టు, అనలేదంటే లేనట్టు.

షెల్ అంటే టెర్మినల్‌లో మీ కమాండ్లు అందుకుని నడిపే ప్రోగ్రాం. అది మీ ఉత్తరాలు తెరిచి చూడదు. లినక్స్‌లో ఎక్కువగా కనిపించే షెల్ అయిన బాష్ చూసేది ఎంబాక్స్ ఫైలు (మెయిళ్లన్నీ ఒకేచోట పోగుపడే ఫైలు) పెరిగిందా, దాన్ని చివరిసారి మార్చిన టైము చివరిసారి చదివిన టైముకన్నా తర్వాతదా అని మాత్రమే. అంటే మీకన్నా ముందు బ్యాకప్ ప్రోగ్రాం ఆ ఫైలును చదివేస్తే, మీరే చదివారనుకుని బాష్ ఊరుకోవచ్చు. డిస్క్‌ను "నోఎటైమ్"తో మౌంట్ చేస్తే తిరకాసు ఇంకోవైపు వస్తుంది. చదివిన టైము మారదు కాబట్టి, చదివేసినవి కూడా కొత్తవిగా కనిపించవచ్చు. లినక్స్‌లో 2.6.30 కెర్నల్ నుంచి మామూలుగా ఉండే "రెల్‌ఎటైమ్" పద్ధతిలో ఈ చిక్కు లేదు. మార్చిన టైముకన్నా చదివిన టైము వెనకబడి ఉంటే, చదివినప్పుడు దాన్ని సరిచేస్తుంది.

ఇంకోటి. బాష్ మామూలుగా 60 సెకన్లకోసారి చూస్తుందని మాన్యువల్‌లో చదివి, నిమిషంలోపు కబురు వస్తుందనుకుంటారు. ప్రాంప్ట్ (తర్వాతి కమాండ్ ఇవ్వమనే గుర్తు) చూపించే ముందు మాత్రమే చూస్తుందన్న ముక్క చాలామంది కంట పడదు. గంటసేపు నడిచే పని పెట్టి కూర్చుంటే, ఆ గంటా బాష్ నోరు విప్పదు.

వెంటనే చెప్పాలంటే బిఫ్ అనే ప్రోగ్రాం ఉందిగా అంటారు. ఉంది. 1980లో వచ్చిన 4.0 బీఎస్‌డీ అనే యూనిక్స్ నాటిది, అది తయారైన బర్క్‌లీ యూనివర్సిటీలో తిరిగే ఓ కుక్క పేరు పెట్టారు. అయితే మెయిల్ అదే మెషీన్‌లోకి వచ్చి పడాలి, అక్కడ కామ్‌శాట్ అనే డీమన్ (తెర వెనక నడిచే ప్రోగ్రాం) నడుస్తూ ఉండాలి. మెయిల్ ఎక్కడో దూరపు సర్వర్‌లో ఉన్నవాళ్లకు దానితో పనిలేదు.

అపోహ: మెయిల్‌డిర్ అయితే "న్యూ" ఫోల్డర్‌లో ఫైళ్లు లెక్కపెడితే సరి.

సగం నిజం. ఈ సగం నిజాలతోనే ఎక్కువ ఇబ్బంది. మెయిల్‌డిర్‌లో ఒక్కో మెయిల్‌కు ఒక్కో ఫైలు. క్యూమెయిల్ అనే మెయిల్ సర్వర్ కోసం డేనియల్ బెర్న్‌స్టీన్ తయారుచేసిన ఈ ఏర్పాటులో మూడు ఫోల్డర్లుంటాయి. మెయిల్ ముందు "టెంప్"లో పూర్తిగా రాయబడి, ఆ తర్వాతే "న్యూ"లోకి వస్తుంది. దాన్ని ఏదో ఒక మెయిల్ ప్రోగ్రాం చూడగానే "కర్"లోకి వెళుతుంది. ఇక్కడ "చూడగానే" అంటే మీరు చదవగానే అని కాదు. ఫోన్‌లో ఇన్‌బాక్స్ జాబితా తెరుచుకుంటే చాలు, "న్యూ" ఖాళీ అయిపోవచ్చు. చదివారా లేదా అన్నది ఫైలు పేరు చివర ఉండే ఎస్ అక్షరం చెబుతుంది. కాబట్టి చదవనివి లెక్కపెట్టాలంటే "న్యూ"లోవన్నీ, "కర్"లో ఎస్ లేనివీ కలపాలి.

ఫైళ్లలో మార్పులను చెప్పే లినక్స్ సదుపాయం ఇనోటిఫైతో ఫోల్డర్‌ను కాపలా కాయడం మంచి పద్ధతే. నేను మొదటిసారి రాసినప్పుడు "ఫైలు సృష్టించారు" అనే ఘటన కోసం మాత్రమే ఎదురుచూశాను. మా సర్వర్ ఫైలును "టెంప్"లో సృష్టించి, పేరు మార్చే పద్ధతిలో "న్యూ"లోకి జరిపేది. అప్పుడొచ్చే ఘటన "లోపలికి జరిగింది" అన్నది. రెండు రోజులు ఒక్క అలర్ట్ కూడా రాలేదు. సర్వర్లన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయనుకున్నాను! రెండు ఘటనలూ పట్టుకోవాలి. మెయిల్‌డిర్ ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్‌లో పంచుకునే డిస్క్) మీద ఉండి, వేరే మెషీన్ అందులో రాస్తుంటే ఇనోటిఫైకి ఆ సంగతే తెలియదు.

అపోహ: ఐమ్యాప్ ఐడిల్ పెట్టేస్తే ఇక టెన్షన్ లేదు.

ఐమ్యాప్ అంటే మెయిల్‌ను సర్వర్‌లోనే ఉంచి చూసే పద్ధతి. అందులోని ఐడిల్ కమాండ్ 1997లో ఆర్‌ఎఫ్‌సీ 2177 అనే ప్రమాణపత్రంగా వచ్చింది. మాటిమాటికీ అడగక్కర్లేకుండా సర్వరే కబురు చెబుతుంది. కానీ అది చూసేది అప్పుడు తెరిచి ఉన్న ఒక్క ఫోల్డర్‌నే. ఫిల్టర్ పెట్టి అలర్టులను వేరే ఫోల్డర్‌లోకి పంపుతూ, ఇన్‌బాక్స్ మీద ఐడిల్ పెట్టుకున్నవాళ్లను చూశాను. పైగా సర్వర్ చెప్పేది ఫోల్డర్‌లో ఇప్పుడు ఇన్ని మెయిళ్లున్నాయని ఒక అంకె, అంతే. పాత మెయిల్‌ను ఇంకో ఫోల్డర్ నుంచి ఇందులోకి జరిపినా ఆ అంకె పెరుగుతుంది.

అసలు ప్రమాదం వేరే. 29 నిమిషాలకోసారైనా ఐడిల్ ఆపి మళ్లీ మొదలుపెట్టమని ఆ ఆర్‌ఎఫ్‌సీలోనే ఉంది. మధ్యలో ఉన్న రౌటర్లు అంతసేపు ఆగకపోవచ్చు. కనెక్షన్‌ను చెప్పాపెట్టకుండా మరిచిపోతాయి. మీ స్క్రిప్ట్ మాత్రం చచ్చిన కనెక్షన్ పట్టుకుని ఓపిగ్గా వింటూ ఉంటుంది. నేను పది నిమిషాలకోసారి ఐడిల్ ఆపి మళ్లీ మొదలుపెడతాను. కనెక్షన్ తెగి మళ్లీ కలిసిన ప్రతిసారీ ఒకసారి మొత్తం చూస్తాను, మధ్యలో వచ్చినవి తప్పిపోకుండా.

అపోహ: ఊరికే చూసి వస్తే ఏం మారుతుంది?

చాలా మారుతుంది. ఐమ్యాప్‌లో మెయిల్ వివరాలు మామూలు "బాడీ"తో తెప్పిస్తే సర్వర్ దానికి చదివినట్టు గుర్తు పెట్టేస్తుంది. మీ స్క్రిప్ట్ చదివిన అలర్ట్‌ను మనిషి ఎవరూ చదవకుండానే రోజు గడిచిపోతుంది. "బాడీ.పీక్" వాడాలి, ఫోల్డర్‌ను "సెలెక్ట్"తో కాక "ఎగ్జామిన్"తో తెరవాలి. సర్వర్ నుంచి మెయిల్ దించిపెట్టే ఫెచ్‌మెయిల్ ప్రోగ్రాం ఇంకా మొరటుది. ఏమీ చెప్పకపోతే మెయిల్ దించుకున్నాక సర్వర్‌లో చెరిపేస్తుంది. వచ్చాయో లేదో చూడడానికి మాత్రమే అయితే "చెక్" ఆప్షన్ వేరే ఉంది.

మరి "కొత్త" అని దేన్ని నమ్మాలి? చదవనిదల్లా కొత్తది కాదు. "రీసెంట్" అనే గుర్తు ఒకటుండేది, ఎవరు ముందు తెరిస్తే వాళ్లకే కనిపించేది. 2021 నాటి ఐమ్యాప్ ప్రమాణంలో దాన్ని తీసేశారు కూడా. నేను చేసేది ఇది: ఫోల్డర్ తెరవకుండానే "స్టేటస్" కమాండ్‌తో యూఐడీనెక్స్ట్ (రాబోయే మెయిల్‌కు ఇచ్చే నంబరు) అడిగి, ఆ అంకెను ఫైలులో రాసి పెట్టుకుంటాను. మళ్లీ అడిగినప్పుడు పెరిగితే, నేను చూశాక ఏదో వచ్చింది. ఆ నంబర్ల వరస ఇంకా చెల్లుతుందో లేదో చెప్పే యూఐడీవ్యాలిడిటీ మారితే మాత్రం పాత అంకె చెల్లదు, మొదటినుంచి మొదలుపెట్టాలి. మెయిల్‌ను దించుకునే పాత పద్ధతి పాప్ 3లో అయితే చదివిన, చదవని అనే తేడాయే లేదు. యూఐడీఎల్ జాబితా (ఒక్కో మెయిల్‌కు ఉండే గుర్తింపులు) దాచుకుని మీరే పోల్చుకోవాలి.

అపోహ: స్క్రిప్ట్ ఏమీ అనలేదంటే మెయిల్ రాలేదని.

2022లో జీమెయిల్ వ్యక్తిగత ఖాతాలకు మామూలు పాస్‌వర్డ్‌తో లాగిన్ ఆపేసింది. అదే ఏడాది అక్టోబరు నుంచి మైక్రోసాఫ్ట్ కూడా తన మెయిల్ సేవ ఎక్స్ఛేంజ్ ఆన్‌లైన్‌లో ఆపడం మొదలుపెట్టింది. యాప్ పాస్‌వర్డ్‌కో ఓఆత్‌కో (పాస్‌వర్డ్ బదులు టోకెన్‌తో లాగిన్) మారనివాళ్ల స్క్రిప్టుల్లో, తప్పులను పట్టించుకోనివన్నీ మౌనంగా కూర్చున్నాయి. "మెయిల్ లేదు", "లాగిన్ కాలేదు" అనే రెండు సంగతులనూ విడదీసి చూడాలి. ఫెచ్‌మెయిల్ ఈ విషయంలో మర్యాదస్తుడే: మెయిల్ లేకపోతే ఎగ్జిట్ కోడ్ (ముగిసేటప్పుడు ఇచ్చే అంకె) 1, లాగిన్ కుదరకపోతే 3. సున్నా కాకపోతే మెయిల్ లేదని రాసుకున్నవాళ్లే ఇరుక్కుంటారు.

పనులను వేళకు నడిపే క్రాన్‌లో స్క్రిప్ట్ పెట్టేవాళ్లకు ఒక మాట. స్క్రిప్ట్ ఏం ముద్రించినా క్రాన్ దాన్ని మీకు మెయిల్ చేస్తుంది. లోకల్ మెయిల్‌బాక్స్‌ను చూసే స్క్రిప్ట్‌లో "కొత్త మెయిల్ లేదు" అని నేనొకసారి శ్రద్ధగా ముద్రించాను. ఐదు నిమిషాల తర్వాత కొత్త మెయిల్ ఒకటి వచ్చిందని అలర్ట్. తెరిచి చూస్తే లోపల "కొత్త మెయిల్ లేదు" అని ఉంది.